మోర్న డైరీ: నాకు రాని భాషలో ఒక పాట

జూన్ మొదట్లో

ఏం చేయబోతున్నానో ముందే రాసి పెట్టుకుంటే పని పక్కదారి పట్టదు. ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా అట్లాంటిక్‌లో ఉన్న కేప్ వర్డ్ దీవుల్లో నెమ్మదిగా పాడుకునే ఒక రకం పాటని మోర్న అంటారు. అలాంటిది ఒకటి మొదటి మాట నుంచి ఆఖరి చరణం దాకా నేర్చుకోవాలి, గిటార్ నేనే వాయించుకుంటూ పాడాలి, ఆ భాష ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళు వింటే ప్రతి మాటా వాళ్ళకి అందాలి. ఆ భాషని క్రియోలు అంటారు. నాకు రాదు. దాని మాటల్లో చాలా భాగం పోర్చుగీసు నుంచి వచ్చాయి, ఆ పోర్చుగీసూ రాదు.

ఆ దీవుల గాయని సెజారియా ఎవొరా పాటలు చాలాకాలంగా వింటున్నా. ఆవిడ 1941లో సావ్ విసెంట్ దీవిలోని మిండెలో అనే రేవు పట్టణంలో పుట్టారు, కుర్రతనం నుంచీ అక్కడి బార్లలో పాడారు, 1988లో పారిస్‌లో వచ్చిన రికార్డు తర్వాత గానీ బయటి ప్రపంచం ఆవిడ వైపు తిరగలేదు, అప్పటికి ఆవిడకి నలభై అయిదేళ్ళు దాటాయి. 2004లో గ్రామీ వచ్చింది, 2011లో పోయారు. వేదిక మీద చెప్పుల్లేకుండా నిలబడేవారు, ఇప్పుడు సావ్ విసెంట్ విమానాశ్రయానికి ఆవిడ పేరే ఉంది. ఇవన్నీ తర్వాత తెలుసుకున్నవి. ముందు పట్టుకున్నది గొంతు. ఎక్కడా ఒత్తి పాడరు, తాళానికి ఒక పిసరు వెనకగా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడతారు, వాక్యం చివర మనం ఇంకాస్త సాగుతుందనుకునేచోట వదిలేసి ఆ ఖాళీని క్లారినెట్‌కో కవకిన్యోకో (గిటార్ లాంటి చిన్న తీగల వాయిద్యం) ఇచ్చేస్తారు. ఆ వదిలేయడం కోసమే ఒకే పాటని మళ్ళీమళ్ళీ పెట్టుకున్న రాత్రులున్నాయి.

రాగం మొత్తం నాకు వచ్చు. మాటల దగ్గరికి వచ్చేసరికి లలలా. ఇంత ఇష్టపడ్డ పాటలో సగాన్ని హమ్మింగుతో సరిపెట్టుకోవడం ఇక కుదరదనిపించింది, అందుకే ఈ ప్రాజెక్టు.

ఒక నియమం పెట్టుకున్నా. అర్థం ఆఖర్న. ముందే అనువాదం చూస్తే చెవి బద్ధకిస్తుంది, ఉన్న శబ్దం బదులు ఉండాలనుకున్న మాట వినేస్తుంది. అసలు శబ్దం ఒక్కటే నాకు ఏం చెబుతోందో రాసి పెట్టుకుని, ఆ తర్వాత మాటలు ఏం చెబుతున్నాయో పక్కన పెట్టి చూడాలని కూడా ఉంది.

జూన్ మధ్యలో: సరంజామా

దీని మీద ఎక్కువ రాయను, ఎందుకంటే ఎవరైనా ఒక సాయంత్రంలో సిద్ధం చేసుకోగలరు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో పాటని శ్రుతి మారకుండా వేగం మాత్రం తగ్గించవచ్చు. నాకు 70 శాతం దగ్గర హాయిగా ఉంది, అంతకంటే తగ్గిస్తే హల్లులు చెరిగిపోయి ఏది ఏదో తెలియట్లేదు. డెమక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గొంతుని, వాయిద్యాలని వేరు చేస్తుంది. విడిగా వచ్చిన గొంతులో కాస్త నీళ్ళలోంచి వింటున్నట్టు ఉంటుంది కానీ, గిటార్ కింద దాక్కున్న హల్లులు బయటపడతాయి. ఆడాసిటీలోనే లేబుల్ ట్రాక్ తెరిచి ప్రతి ఊపిరికీ ఒక గుర్తు పెట్టా. గాయని ఊపిరి తీసుకున్న చోటే నాకు ముక్క పూర్తయినట్టు. చెవులు మొత్తం కప్పే హెడ్‌ఫోన్స్ ఉంటే మంచిది, ఇయర్‌బడ్స్‌లో స, ష తేడా సరిగ్గా దొరకలేదు.

జూన్ చివర: తెలుగులో రాసుకున్న కాగితం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఆనందం ఇచ్చిన భాగం ఇదే.

విన్నది తెలుగు లిపిలోనే రాయాలనుకున్నా. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే నోరు ఇంగ్లిష్ వైపు లాగుతుంది. తెలుగులో ఒక్కో అక్షరానికి ఒక్కో శబ్దం అనే అలవాటు గట్టిగా ఉంది కాబట్టి, ఏ శబ్దం ఖచ్చితంగా వినలేదో అక్కడ కలం ఆగిపోతుంది. ఆ ఆగిన చోట్లన్నీ మళ్ళీ వినాల్సిన చోట్లు.

పాటలో పదే పదే ఒక చిన్న మాట వస్తుంది. ఞ. అంతే, ఆ ఒక్క అక్షరం రాస్తే మాట మొత్తం రాసినట్టే. అక్షరమాల దిద్దుకున్నప్పుడు తప్ప విడిగా ఎప్పుడూ వాడని ఞ ఇక్కడ పొద్దస్తమానం పని చేస్తోంది. ముక్కుతో పలికే అచ్చులకి అరసున్న పెట్టా. పాత పద్యాల పుస్తకాల్లో తప్ప ఇప్పుడు కనబడని ఆ గుర్తు ఇంతకంటే సరైన చోట వాడగలనని నేననుకోను. పూర్తి సున్న రాస్తే నోరు వెంటనే మ్ అనో న్ అనో మూసుకుంటుంది. అరసున్న అయితే గాలి ముక్కులోకి కొద్దిగా పోతుంది, నోరు తెరిచే ఉంటుంది, కావలసింది సరిగ్గా అదే. మన వ పలికేటప్పుడు పెదవి పళ్ళకి ఊరికే దగ్గరగా వస్తుంది, వాళ్ళది పెదవికి పళ్ళు ఆనించి గాలి రాపిడితో పలికే శబ్దం, అందుకని అలాంటి వ కింద గీత. మన జ లాగే వినిపించినచోట వట్టి జ, ఇంగ్లిష్ 'జూ' (zoo) మాటలో వచ్చే శబ్దం ఉన్నచోట జ మీద చుక్క.

ఎ, ఒ దగ్గర చాలాసేపు ఆగా. వాళ్ళకి ఎ రెండు రకాలు, నోరు ఎక్కువ తెరిచి ఒకటి, తక్కువ తెరిచి ఒకటి. ఒ కూడా అంతే. మనకి ఎ, ఏ ఉన్నాయి కానీ అది పొట్టి పొడుగుల తేడా, ఇది తెరవడంలో తేడా. అయితే తెలుగు నోటికి ఇది కొత్తేమీ కాదు. మేకు అనండి, మేక అనండి. రెంటిలోనూ రాసేది మే ఒకటే, కానీ మేకలో నోరు ఎక్కువ తెరుచుకుంటుంది, తర్వాత వచ్చే అకారం వల్ల. కోడి, కోట కూడా అంతే. ఈ పని మనం రోజూ తెలియకుండానే చేస్తున్నాం, ఇక్కడ తెలిసి చేయాలి. అందుకని కాగితం మీద తెరిచిన ఎ పక్కన 'మేక' అని, మూసిన దాని పక్కన 'మేకు' అని చిన్న అక్షరాల్లో రాశా. ఫొనెటిక్స్ గుర్తులు నేర్చుకుని రాయవచ్చు, తప్పు లేదు, కానీ పాడేటప్పుడు కన్ను ఒక్క క్షణంలో చదివి నోటికి ఇవ్వాలంటే సొంత లిపిని మించింది లేదు.

జులై: ఉకారంతో కుస్తీ

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నోరు ఒప్పుకోదు. బస్ బస్సు అవుతుంది, కార్ కారు అవుతుంది. సావ్ విసెంట్ క్రియోలు సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్తుంది. ఒత్తి పలకని చోట, ముఖ్యంగా మాట చివర, ఇ, ఉ లాంటి అచ్చులని మింగేస్తుంది. ఉత్తరపు గుంపు దీవుల భాషలో ఇది ఎక్కువ, దక్షిణాన ఉన్న సాంతియాగో దీవిలో ఆ అచ్చులు చాలావరకు నిలుస్తాయి. అచ్చులు పోయాక మిగిలిన హల్లులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్షరం చివర వచ్చే స మిండెలో వాళ్ళ నోట్లో ష అవుతుంది. పండగని ఫెస్త అనరు, ఫెష్త అంటారు.

సముద్రాన్ని మార్ అంటారు. మోర్నల్లో సముద్రం రాకుండా ఉండదు కాబట్టి ఈ మాట ముందే తెలిసిపోయింది. నేను పాడి రికార్డు చేసి వింటే మార్ తర్వాత సన్నగా ఉకారం. చెవికి అంతగా తెలియట్లేదని ప్రాట్‌లో పెట్టా. అది ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బోయర్స్‌మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్, శబ్దాన్ని బొమ్మగా చూపిస్తుంది. సెజారియా గొంతులో ర్ తర్వాత ఆ బొమ్మలో అచ్చుని చూపించే పట్టీలు ఆగిపోయాయి, నా గొంతులో ఇంకొంచెం ముందుకి సాగాయి. కళ్ళ ముందు కనబడుతుంటే ఇక వాదన లేదు.

దీన్ని పోగొట్టడానికి పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. వాక్యాన్ని చివరి నుంచి మొదలుపెట్టాలి. ఆఖరి అక్షరం ఒక్కటీ పాడాలి, తర్వాత దాని ముందుదాన్ని కలిపి, ఆ తర్వాత ఇంకోటి కలిపి, అలా వెనక్కి పోవాలి. మొదటి నుంచి నేర్చుకుంటే వాక్యం మొదలు నున్నగా వచ్చి చివర గజిబిజి అవుతుంది. వెనక నుంచి వస్తే ఎటు పోతున్నా తెలిసిన చోటికే వెళ్తాం, కాబట్టి చివర టెన్షన్ ఉండదు. ఆఖరి హల్లు దగ్గర నాలుకని అక్కడే ఉంచి గాలి ఆపేయాలి, నాలుక దిగాక గాలి ఆపితే ఉకారం వచ్చి తీరుతుంది. భాష నేర్పేవాళ్ళకి ఈ వెనక నుంచి కట్టుకొచ్చే పద్ధతి పాతదే, పాటకి ఇంకా బాగా పనిచేస్తుందని నా అనుభవం, ఎందుకంటే రాగం ఎలాగూ చివరి స్వరం వైపే లాగుతూ ఉంటుంది.

జులై చివర: ఒకే పాట, ఎన్నో స్పెల్లింగులు

నా తెలుగు కాగితాన్ని అచ్చు సాహిత్యంతో సరిచూసుకుందామని వెతికితే, ఒకే పాట ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉంది. కారణం తెలిశాక సబబే అనిపించింది. దీవుల్లో దాదాపు అందరి ఇంటి భాషా క్రియోలే, అధికార భాష మాత్రం పోర్చుగీసు, 1975 జులై 5న స్వాతంత్ర్యం వచ్చాక కూడా. బడిలో నేర్చుకున్నది పోర్చుగీసు రాత, కాబట్టి ఇంటి మాటని ఆ రాతలో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇరికించారు. 1998లో అలుపెక్ అనే వర్ణమాలని ప్రయోగంగా ఒప్పుకున్నారు, 2009లో దానికి అధికారిక గుర్తింపు ఇచ్చారు. దాంట్లో శబ్దానికీ గుర్తుకీ లెక్క దగ్గరగా ఉంటుంది. నాకు అలుపెక్‌లో రాసిన సాహిత్యమే తెలుగులోకి తేలిగ్గా వచ్చింది. మీరెవరైనా ఈ పని మొదలుపెడితే పోర్చుగీసు పద్ధతిలో రాసింది చూసి కంగారుపడకండి, ముందు చెవిని నమ్మండి.

ఆగస్టు: పదచ్ఛేదం

త్యాగరాజ కృతులు తెలుగు రాని గొంతుల్లో ఎంత గొప్పగా నిలిచాయో మనకి తెలుసు. ఆయన బతికింది తమిళనాట తిరువయ్యారులో, ఆ పాటల్ని మోసుకొచ్చిన శిష్య పరంపరల్లో తెలుగు ఇంటి భాష కానివాళ్ళు ఎందరో. వాళ్ళ పాట విని కన్నీళ్ళు పెట్టుకున్న నేనే, సంగతి కోసం మాటని మధ్యలో విరిచినప్పుడు చివుక్కుమన్న నేనే. ఆ చివుక్కుమనడం ఏమిటో తెలుసు కాబట్టి ఇంకొకళ్ళ మాటని విరిచే హక్కు నాకు లేదు. అర్థం తెలియకుండా ఒక పాటని ప్రాణంగా ప్రేమించవచ్చు, అందులో ఏ లోటూ లేదని నమ్ముతా, కానీ పైకి పాడాలంటే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసి తీరాలి.

అందుకని అర్థం జోలికి పోకుండా వ్యాకరణం కొంచెం చదివా. క్రియోలు క్రియ మనిషిని బట్టి మారదు. నేను పాడతా, నువ్వు పాడతావు, వాళ్ళు పాడతారు, అన్నిటికీ ఒకే రూపం, ముందు వచ్చే చిన్న ముక్కలు కాలాన్నీ తీరునీ చెబుతాయి. త అనే ముక్క జరుగుతూ ఉండే పనికి, క అనే ముక్క కాదనడానికి. నేను అనడానికి చాలాచోట్ల వట్టి న్ సరిపోతుంది, అచ్చు కూడా ఉండదు. పాటలో ఈ ముక్కలన్నీ పక్క మాటకి అతుక్కుపోయి వినిపిస్తాయి. నేను ఒకే మాట అనుకుని రాసుకున్నవి కొన్ని నిజానికి మూడు మాటలని తేలింది. ఞ అంటే నా అని కూడా ఇక్కడే తెలిసింది. అది తర్వాతి మాటని పట్టుకునే ఉండాలి కాబట్టి, ఞ తర్వాత ఊపిరి తీసుకోకూడదు. లేబుల్ ట్రాక్ తెరిచి చూశా, సెజారియా ఎక్కడా తీసుకోలేదు. ఆవిడ ఊపిరి గుర్తులన్నీ మాటల హద్దుల మీదే పడ్డాయి, వ్యాకరణం పుస్తకం తెరవకముందే ఆ హద్దులు నా స్క్రీన్ మీద ఉన్నాయన్నమాట.

ఆగస్టు మధ్యలో: గిటార్

మోర్న ఎక్కువగా మైనర్ అనే పాశ్చాత్య స్వరాల వరసలో ఉంటుంది. మన లెక్కలో నఠభైరవి స్వరాలు, అయిదో కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేది) మేజర్‌గా వచ్చినచోట నిషాదం పైకి జరిగి కీరవాణి అవుతుంది. కర్ణాటక సంగీతం చెవికి ఆ మలుపు వెంటనే దొరుకుతుంది. కష్టమల్లా కార్డుల మధ్య జారే దారిలో ఉంది. మిండెలోకే చెందిన స్వరకర్త బి. లెజా (1905–1958) బ్రెజిల్ సంగీతం నుంచి ప్రేరణ తీసుకుని, ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి అర స్వరం మెట్టు మీదుగా జరిగే పద్ధతిని మోర్నలోకి తెచ్చాడు. మిండెలో పెద్ద రేవు, పంతొమ్మిదో శతాబ్దంలో ఆవిరి ఓడలు బొగ్గు నింపుకోవడానికి అక్కడ ఆగేవి, ఓడలతో పాటు పాటలూ దిగేవి. ఆ మెట్టు కార్డులు తీసేసి ఉత్త మూడు కార్డులతో వాయించి చూశా, రాగం అదే కానీ పాట చప్పబడింది. ఇష్టపడింది గొంతునే అనుకుంటూ ఉన్నా, అందులో ఈ జారుడు వాటా చాలానే ఉంది.

బొటనవేలు కింద తీగల మీద బేస్ నడపాలి, మిగతా వేళ్ళు నెమ్మదిగా తాళం వేయాలి, గొంతు మాత్రం ఆ తాళానికి వెనక నడవాలి. చెయ్యి, గొంతు రెండూ నావే కాబట్టి గొంతు వెనక్కి తగ్గితే చెయ్యీ తగ్గుతోంది. ముందు చేతిని మాత్రమే రికార్డు చేసి, దాని మీద పాడడం మొదలుపెట్టా. కొంచెం కొంచెంగా విడిపోతున్నాయి.

సెప్టెంబరు: అర్థం

అనువాదం తెరిచేముందు, శబ్దం నాకు ఏం చెప్పిందో రాసుకున్నా. వెళ్ళిపోయిన ఒక మనిషిని తలుచుకునే ప్రేమ పాట, కోపం లేదు, బతిమాలడం లేదు.

ఆ తర్వాత అనువాదం తెరిచా. పాట ఒక దీవి గురించి. దీవిని వదిలి వెళ్ళినవాళ్ళు పాడుతున్నది.

దీనికి ముందే ఒక అధ్యయనం గురించి చదివి ఉన్నా. 2018లో అచ్చయిన ఆ పరిశోధనలో 86 సమాజాల పాటల నుంచి 14 సెకన్ల ముక్కలు తీసి 60 దేశాల్లోని 750 మందికి వినిపించారు. ఇది నాట్యానికా, బిడ్డని నిద్రపుచ్చడానికా, వైద్యానికా, ప్రేమకా అని అడిగితే, భాష తెలియకపోయినా నాట్యం పాటల్నీ జోలపాటల్నీ బాగా గుర్తుపట్టారు, ప్రేమ పాటల దగ్గరే పట్టు దొరకలేదు. శబ్దం ఎంతవరకు తీసుకెళ్తుందో, ఏ పని మాటలకే మిగిలి ఉందో ఇక్కడ నాకు స్పష్టంగా కనబడింది. దూరం, ఓర్పు గొంతులోనే ఉన్నాయి. దూరమైంది ఎవరన్నది మాటల్లోనే ఉంది.

ఆ మాటల వెనక ఉన్నది చిన్న విషయం కాదు. 1941–43లో ఒకసారి, 1947–48లో ఇంకోసారి ఆ దీవుల్ని కరువు ఊడ్చేసింది. వలస పాలనలో కాంట్రాక్టు కూలీలుగా సావ్ టొమే దీవిలోని కోకో తోటలకి వెళ్ళినవాళ్ళు, ఓడలెక్కి అమెరికా వెళ్ళినవాళ్ళు, వాళ్ళ కోసం చూస్తూ ఉండిపోయినవాళ్ళు, మోర్న నిండా వీళ్ళే. యునెస్కో 2019లో మోర్నని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇది తెలిశాక నేను గొంతులో విషాదం పెంచలేదు, తగ్గించా. ఇంత బరువున్న మాటకి పాడేవాళ్ళు పైనుంచి ఇంకా బరువు పెట్టక్కర్లేదు. సెజారియా ఎందుకు ఒత్తి పాడరో నాకు తోచిన సమాధానం ఇది.

సెప్టెంబరు చివర

భాషలు నేర్చుకునే ఒక యాప్‌లో పరిచయమైన మిండెలో ఆవిడకి రికార్డింగు పంపా. మాటలన్నీ అర్థమయ్యాయన్నారు. ఆ వాక్యం చదివినప్పుడు కలిగిన సంతోషం ఇక్కడ రాయకుండా ఉండలేను. ఆ తర్వాత సవరణలు చెప్పారు. రెండో చరణంలో ఒక అరసున్న దగ్గర న్ వినిపిస్తోందట. ఒక మాటలో మొదటి అక్షరాన్ని ఒత్తి పలుకుతున్నా, రెండోదాన్ని ఒత్తి పలకాలట. మార్ బాగుందట. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఎలా తెలిసిందని అడిగారు, లేబుల్ ట్రాక్ స్క్రీన్‌షాట్ పంపా. చెల్లెలికి చూపిస్తానన్నారు.

ఇప్పుడున్న పరిస్థితి: మొదటి చరణం, మకుటం కాగితం చూడకుండా వస్తున్నాయి. రెండో చరణం ఆవిడ చెప్పిన రెండు చోట్లా మళ్ళీ చివరి నుంచి కట్టుకొస్తున్నా. మెట్టు కార్డుల్లో ఒకదాని దగ్గర ఎడమచెయ్యి ఇంకా ఆలస్యమవుతోంది, అక్కడ తాళం కొట్టే మెట్రోనోమ్‌ని సగం వేగానికి దించా.

దీని తర్వాత ఏమిటన్నది కూడా తేల్చుకున్నా. సాంతియాగో దీవి గొంతుల్లోంచి ఒక పాట. అక్కడ మాట చివరి అచ్చులు నిలుస్తాయి కాబట్టి నా అజంతపు నోటికి సులువని అనిపిస్తుంది కానీ, ష బదులు స, వేరే సర్వనామాలు, వేరే లయ. తెలుగు కాగితం మొదటి అక్షరం నుంచి కొత్తగా రాయాలి. అరసున్న, ఞ మాత్రం అక్కడా పనికొస్తాయి.